డయాలసిస్‌కు రక్తమార్గం: ఫిస్టులా, గ్రాఫ్ట్, కాథెటర్

మూత్రపిండాలు చేసే పని ఏమిటో వెనుకటి పాఠంలో చదివారు. అవి బాగా దెబ్బతిన్నప్పుడు రక్తాన్ని ఒంటి బయటికి తెచ్చి, యంత్రం ద్వారా శుద్ధి చేసి, తిరిగి ఒంట్లోకి పంపుతారనీ, దాన్ని హీమోడయాలసిస్ అంటారనీ తెలుసుకున్నారు. వాడుకలో అందరం డయాలసిస్ అనే అంటాం కాబట్టి ఇక్కడా ఆ మాటే వాడుకుందాం.

డయాలసిస్ అనగానే అందరికీ యంత్రం గుర్తుకు వస్తుంది. కాని ఒంట్లోని రక్తం ఆ యంత్రం దాకా ఏ దారిన వెళుతుంది? శుద్ధి అయ్యాక ఏ దారిన తిరిగి వస్తుంది? యంత్రం ఆసుపత్రిది. పాడైతే బాగుచేస్తారు, లేదా మరొకటి తెస్తారు. దారి మాత్రం రోగి ఒంట్లోనే తయారు కావాలి. అది మూసుకుపోతే ఎంత మంచి యంత్రం ఉన్నా ఉపయోగం లేదు. ఈ దారిని ఎన్ని విధాలుగా ఏర్పరుస్తారు, ఎవరికి ఏది తగినది, దాన్ని ఎప్పుడు సిద్ధం చేసుకోవాలి అన్నవి ఈ పాఠంలోని విషయాలు. మీకు గాని, మీ ఇంట్లో వారికి గాని మూత్రపిండాల జబ్బు ఉంటే ‘ఎప్పుడు’ అన్న భాగాన్ని రెండుసార్లు చదవండి.

ముందు ఒక లెక్క

కాగితం, పెన్సిలు తీసుకోండి. డయాలసిస్ ఒకసారి చేస్తే సాధారణంగా 4 గంటలు పడుతుంది. యంత్రంలోని పంపు నిమిషానికి 300 మిల్లీలీటర్ల రక్తాన్ని లాగుతుందనుకుందాం. అంటే నిమిషానికి ఒక పెద్ద గ్లాసు నిండా. గంటకు 18 లీటర్లు, నాలుగు గంటలకు 72 లీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు 5 లీటర్లే. కాబట్టి ఉన్న రక్తమే దాదాపు పద్నాలుగుసార్లు యంత్రంలోకి వెళ్లి వస్తుందన్నమాట.

ఇప్పుడు మీ చేతిని చూసుకోండి. చేయి కిందికి వేలాడదీసి, పిడికిలి నాలుగైదుసార్లు బిగించి వదలండి. ముంజేతి మీద ఆకుపచ్చగానో నీలంగానో ఉబ్బి కనిపించేవి సిరలు. ఇవి రక్తాన్ని గుండెకు తిరిగి చేరవేస్తాయి. జ్వరం వచ్చినప్పుడు సెలైను ఎక్కించేది వీటిలోకే. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపున, రెండు వేళ్లు ఆనిస్తే నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. అది ధమని. గుండె నుంచి రక్తాన్ని వేగంగా తెచ్చేది అదే.

సెలైను ఎక్కించే సిరకే సూది గుచ్చి యంత్రానికి కలపవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఊట తక్కువగా ఉన్న బావిలో పెద్ద మోటారు పెడితే ఏమవుతుందో మీకు తెలుసు. రెండు నిమిషాలు నీళ్లు పోసి, ఆ పైన గాలి పీలుస్తుంది. సిరలో రక్తం నెమ్మదిగా పారుతుంది, గోడలు పలచన. పంపు నిమిషానికి 300 మిల్లీలీటర్లు లాగబోతే సిర అతుక్కుపోతుంది. పోనీ ధమనికి గుచ్చుదామంటే అది లోతుగా ఉంటుంది, నొప్పి ఎక్కువ. సూది తీసిన తరువాత రక్తం ఒక పట్టాన ఆగదు. పదేపదే గుచ్చితే ధమని పాడై చేతికే ముప్పు రావచ్చు. సిర అందుబాటులో ఉంది గాని ప్రవాహం లేదు, ధమనిలో ప్రవాహం ఉంది గాని అందుబాటులో లేదు. డయాలసిస్ వైద్యులను మొదటినుంచి వేధించిన చిక్కు ఇదే.

ఈ చిక్కు ఎలా విడింది?

పనిచేసే డయాలసిస్ యంత్రాన్ని మనిషికి మొదట వాడినవారు నెదర్లాండ్స్ దేశపు వైద్యుడు విలెం కోల్ఫ్. అది 1943, రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న కాలం. ఆయన చికిత్స చేసిన తొలి రోగుల్లో 29 ఏళ్ల యువతి ఒకామె ఉంది. ఒక్కొక్కసారి డయాలసిస్ చేయడానికి ఒక్కొక్క చోట కోసి రక్తనాళాన్ని బయటికి తీయవలసి వచ్చేది. ఒకసారి వాడిన నాళం మళ్లీ పనికిరాదు. యంత్రం పనిచేసింది, ఆమె కొంత తేరుకుంది కూడా. అయితే పన్నెండుసార్లు చేశాక ఇక వాడడానికి నాళాలు మిగలలేదు. ఆమె మరణించింది. యంత్రం పాడై కాదు, దారి లేక.

ఆ తరువాత పదిహేడేళ్లపాటు డయాలసిస్ కొద్దిరోజుల గండం గడిపే చికిత్సగానే మిగిలింది. మూత్రపిండాలు మళ్లీ కోలుకుంటాయన్న ఆశ ఉన్నవారికే చేసేవారు. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు టెఫ్లాన్‌తో చేసిన సన్నని గొట్టాన్ని ముంజేతి ధమనిలో ఒకటి, సిరలో ఒకటి అమర్చి, రెండింటినీ చేతి బయట కలిపి ఉంచారు. డయాలసిస్ చేసేటప్పుడు విడదీసి యంత్రానికి తగిలిస్తారు, అయిపోయాక మళ్లీ కలుపుతారు. టెఫ్లాన్‌కు దేన్నీ అంటనివ్వని గుణం ఉంది. వంటపెనాల పూతగా మీరు చూసే ఉంటారు. దానికి రక్తం అంత తొందరగా అంటి గడ్డకట్టదు. ఈ పద్ధతితో చికిత్స పొందిన మొదటి వ్యక్తి క్లైడ్ షీల్డ్స్, విమానాల కర్మాగారంలో పనివాడు. ఆయన 1971 వరకు, అంటే మరో పదకొండేళ్లు జీవించారు. మూత్రపిండాలు పూర్తిగా పోయినా ఏళ్ల తరబడి బతకవచ్చునని లోకానికి మొదటిసారి తెలిసింది.

అయినా చేతి బయట గొట్టం వేలాడుతుంటే పుండు పడుతుంది, చీము పడుతుంది, ఊడితే రక్తం పోతుంది. దీనికి విరుగుడు న్యూయార్కులో దొరికింది. బ్రెషియా, సిమినో, అపెల్, హర్విచ్ అనే నలుగురు వైద్యులు 1966లో తమ పద్ధతిని ప్రచురించారు. మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ చర్మం కింద నేరుగా కలిపి కుట్టడమే ఆ పద్ధతి. బయటి వస్తువు ఏదీ లేదు. దీన్ని ఇప్పటికీ బ్రెషియా-సిమినో ఫిస్టులా అంటారు. కుట్టిన సర్జను అపెల్. పేరు మాత్రం తక్కిన ఇద్దరికి దక్కింది!

ఫిస్టులా

ముందు ఈ మాట సంగతి. ‘ఫిస్టులా’ అంటే మనవాళ్లలో చాలామందికి మలద్వారం దగ్గర వచ్చే భగందరమే తెలుసు. ‘చేతికి ఫిస్టులా వేస్తాం’ అని డాక్టరు అనగానే కంగారుపడినవారు ఉన్నారు. రెండింటిమధ్య దారి ఏర్పడితే దాన్ని వైద్యభాషలో ఫిస్టులా అంటారు, అంతే. భగందరం జబ్బు వల్ల ఏర్పడిన దారి. ఇది కావాలని ఏర్పరచిన దారి.

ప్రధాన కాలువకు, పక్కనే ఉన్న చిన్న పిల్లకాలువకు మధ్య గండి కొట్టారనుకోండి. నీరు పిల్లకాలువలోకి ఉరుకుతుంది, నానాటికి అది వెడల్పవుతుంది. ఫిస్టులాలో జరిగేదీ ఇదే. ధమని రక్తం జోరుగా సిరలోకి మళ్లుతుంది. ఆ ఒత్తిడికి సిర లావెక్కుతుంది, గోడలు గట్టిపడతాయి. మణికట్టు ధమనిలో మామూలుగా నిమిషానికి కొద్ది పదుల మిల్లీలీటర్ల రక్తమే పారుతుంది. ఫిస్టులా బాగా తయారైతే అదే దారిలో 600 మిల్లీలీటర్లు, అంతకు మించి కూడా పారుతుంది. చర్మం కిందనే, చేతికి అందేలా, పుష్కలంగా ప్రవాహం ఉన్న నాళం సిద్ధమైందన్నమాట. ఇక రెండు సూదులు గుచ్చితే సరి. ఒకదానిలోంచి రక్తం యంత్రానికి వెళుతుంది, రెండోదానిలోంచి తిరిగి వస్తుంది.

శస్త్రచికిత్స పెద్దది కాదు. చాలామందికి చేయి మాత్రం మొద్దుబారేలా మందు ఇచ్చి చేస్తారు. అదే రోజు ఇంటికి పంపేయవచ్చు కూడా. చేసిన మర్నాటినుంచి వాడుకోవడానికి మాత్రం వీలులేదు. సిర లావెక్కాలి. ఫిస్టులా పక్వానికి వచ్చిందో లేదో చూడడానికి వైద్యులు ‘ఆరు’ అంకెను గుర్తుపెట్టుకుంటారు: సుమారు 6 వారాల తరువాత సిర 6 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి, చర్మానికి 6 మిల్లీమీటర్లకు మించి లోతున ఉండకూడదు, ప్రవాహం నిమిషానికి 600 మిల్లీలీటర్లు ఉండాలి. కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది. మరికొందరికి, ముఖ్యంగా వయసు మళ్లినవారికి, చాలాకాలంగా చక్కెరజబ్బు ఉన్నవారికి, సిరలు సన్ననివారికి, ఎన్నాళ్లు చూసినా ఫిస్టులా ఎదగదు. అప్పుడు సన్నబడిన చోట బెలూనుతో వెడల్పు చేయడమో, మోచేతి దగ్గర మరొకటి వేయడమో చేస్తారు. ఈ విఫలం అరుదైన సంగతి కాదు. ముందుగానే డాప్లర్ పరీక్ష చేసి నాళాల వెడల్పు కొలిస్తే వృథా శస్త్రచికిత్సలు కొంత తగ్గుతాయి.

ఏ చేతికి వేస్తారు? సాధారణంగా పనిచేయని చేతికి, అంటే కుడిచేతి వాటం వారికి ఎడమచేతికి. సాధ్యమైతే మొదట మణికట్టు దగ్గర, అది కాకపోతే మోచేతి దగ్గర. పైదాన్ని ముందే వాడేస్తే కిందిది దక్కడం కష్టం. కింద మొదలుపెడితే పైది నిలవ ఉంటుంది. అయితే పుస్తకంలో రాసినంత తేలికగా ఇది తేలదు. కొబ్బరిచెట్టు ఎక్కేవారికి రెండు చేతులూ కావాలి. మగ్గం నేసేవారికీ అంతే. మీ వృత్తి ఏమిటో, ఏ చేయి దేనికి వాడతారో సర్జనుకు మీరే చెప్పాలి. ఆయన అడగకపోయినా చెప్పండి.

ఫిస్టులా బాగా కుదిరితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. వారానికి మూడుసార్లు డయాలసిస్ అంటే ఏడాదికి 156 సార్లు, 312 సూదిపోట్లు. ఇన్ని పోట్లు తట్టుకుని, చీము పట్టకుండా, గడ్డకట్టకుండా నిలిచే దారి మరొకటి లేదు. సూది ఎప్పుడూ ఒకే చోట గుచ్చితే అక్కడ గోడ పలచబడి బుడగలా ఉబ్బుతుంది. అందుకే నిచ్చెనమెట్లలా చోటు మార్చి మార్చి గుచ్చాలి. నొప్పి తక్కువని పాతచోటే గుచ్చమని రోగులే అడుగుతుంటారు. అలా అడగవద్దు.

గ్రాఫ్ట్

సొంత సిరలు పనికిరానప్పుడు ధమనికీ సిరకూ మధ్య చర్మం కింద ఒక మెత్తని కృత్రిమ గొట్టాన్ని అమరుస్తారు. ఇదీ టెఫ్లాన్ జాతి పదార్థమే. సూదులు ఈ గొట్టానికే గుచ్చుతారు. ఎదగవలసిన పని లేదు కాబట్టి సాధారణంగా రెండు మూడు వారాల్లోనే వాడవచ్చు. ఇంకా త్వరగా వాడదగిన రకాలూ వచ్చాయి. కాని ఫిస్టులాతో పోలిస్తే ఇది తొందరగా గడ్డకట్టి మూసుకుపోతుంది, చీము పట్టే అవకాశం ఎక్కువ, గొట్టం ఖర్చు అదనం.

కాథెటర్

అర్ధరాత్రి ఆయాసంతో ఆసుపత్రికి వచ్చిన మనిషికి అప్పటికప్పుడు డయాలసిస్ చేయాలి. ఆరు వారాలు ఆగే వ్యవధి లేదు. అప్పుడు మెడలోని పెద్ద సిరలోకి గాని, గజ్జలోని సిరలోకి గాని రెండు దారులున్న ప్లాస్టిక్ గొట్టాన్ని దించుతారు. ఇదే కాథెటర్. వేసిన వెంటనే వాడవచ్చు. ప్రాణం నిలబెట్టేది ఆ క్షణాన ఇదే. దాన్ని తక్కువచేసి మాట్లాడకూడదు.

ఇందులో రెండు రకాలు. మొదటిది తాత్కాలికం. గజ్జలో వేసింది కొద్దిరోజులు, మెడలో వేసింది రెండు వారాల లోపు మాత్రమే ఉంచదగినది. రెండోది కొన్ని నెలలు ఉంచదగినది. దీన్ని ఛాతీ చర్మం కింద కొంతదూరం సొరంగంలా నడిపి మెడ సిరలోకి పంపుతారు. చర్మం కింద ఉన్న భాగానికి ఒక చిన్న బట్టపట్టీ వంటిది ఉంటుంది. మూడు నాలుగు వారాల్లో దాని చుట్టూ కండ అల్లుకుని గొట్టాన్ని పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది. ఆసుపత్రుల్లో దీన్ని ‘పర్మ్‌క్యాత్’ అనడం వింటారు. పేరులో శాశ్వతం ధ్వనించినా ఇది శాశ్వతమైనది కాదు.

కాథెటర్‌తో వచ్చే ముప్పు ఎక్కడుందో చూడండి. ఒక కొస గాలిలో ఉంది, మరో కొస గుండె దగ్గర ఉంది. మూతి వద్ద చేరిన సూక్ష్మజీవికి నేరుగా గుండెకు రాచబాట దొరికినట్లే. అందుకే రక్తంలో సూక్ష్మజీవులు వ్యాపించే ప్రమాదం మూడింటిలో దీనికే ఎక్కువ. డయాలసిస్ మొదలైన కాసేపటికి చలి, వణుకు, జ్వరం వస్తే ‘ఏసీ చలి’ అని దుప్పటి కప్పుకుని ఊరుకోకండి. వెంటనే నర్సుకు చెప్పండి. అది కాథెటర్ జ్వరం కావచ్చు. ప్రాణాంతకం కూడా కావచ్చు.

రెండో ముప్పు కంటికి కనిపించదు. గొట్టం ఒరుసుకున్న చోట పెద్దసిర లోపల మచ్చకట్టి సన్నబడుతుంది. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక కింది సిరలో వేస్తే ఇది మరీ ఎక్కువ. అందుకే ఆ చోటును వీలైనంతవరకు తప్పిస్తారు. కుడిమెడ సిర గుండెకు తిన్నగా దారితీస్తుంది కాబట్టి దాన్ని ముందు ఎంచుకుంటారు. పెద్దసిర సన్నబడితే ఆ వైపు చేతికి రేపు ఫిస్టులా వేసినా చేయి వాచిపోతుంది, ఫిస్టులా నిలవదు. నేడు తప్పనిసరై వేసిన గొట్టం రేపటి దారిని మూసేయవచ్చునన్నమాట.

కాథెటర్ ఉన్నవారు కట్టు తడవనివ్వకూడదు. తలస్నానం చేసేటప్పుడు ఇదే పెద్ద ఇబ్బంది. మూతలు, బిగింపులు డయాలసిస్ సిబ్బంది తప్ప మరెవరూ తీయకూడదు. తెరచి ఉంటే రక్తం పోవచ్చు, గాలి లోపలికి వెళ్లవచ్చు. సెలైను ఎక్కించడానికి, పరీక్షకు రక్తం తీయడానికి కూడా ఆ గొట్టాన్ని వాడనివ్వకండి.

ఇక్కడ ఒక్కసారి ఆగి, పై మూడింటిలో ఏది వెంటనే వాడదగినది, ఏది ఎక్కువకాలం నిలిచేది, రెండు గుణాలూ ఒకదానిలోనే ఎందుకు లేవో మీ మాటల్లో రాయండి. జవాబు రాయలేకపోతే ఫిస్టులా గురించిన భాగం మళ్లీ చదవండి.

ఎప్పుడు సిద్ధం చేసుకోవాలి?

మనదేశంలో ఎక్కువమంది డయాలసిస్ కాథెటర్‌తోనే మొదలవుతుంది. కారణం సర్జన్ల కొరత ఒక్కటే కాదు. మూత్రపిండాల జబ్బు నొప్పి లేకుండా ముదురుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం సంగతి మీరు వినే ఉంటారు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కొబ్బరి, జీడితోటల మధ్య ఎన్నో ఊళ్లలో, చక్కెరజబ్బు గాని, రక్తపోటు గాని లేనివారికి కూడా ఈ జబ్బు వస్తోంది. కారణం ఇదీ అని ఇంతవరకు గట్టిగా తేలలేదు. కాళ్లకు వాపు, అన్నం సయించకపోవడం, ఆయాసం కనిపించేసరికే మూత్రపిండాల శక్తి చాలావరకు పోయి ఉంటుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి ప్రారంభమైంది. దగ్గరలో యంత్రం ఉండడం మేలే. కాని యంత్రం దగ్గరికి వచ్చినా చేతిలో దారి సిద్ధంగా లేకపోతే మెడలో గొట్టమే గతి.

జబ్బు ముందే తెలిసినవారు కూడా ఆలస్యం చేస్తారు. ఇది మరో సంగతి. ‘ఫిస్టులా వేయించుకుంటే డయాలసిస్ ఖాయమైపోయినట్లే, ఇంకొన్నాళ్లు చూద్దాం’ అన్న మాట ప్రతి ఆసుపత్రిలో వినిపిస్తుంది. ఆకుపసరు వాడి చూద్దామనేవారు కొందరు, పొలంపనులు అయ్యాక చూద్దామనేవారు కొందరు. ఈ భయం అర్థం చేసుకోదగినదే. చేతిమీద గాటు పడితే జబ్బు నిజమని ఒప్పుకున్నట్లవుతుంది. కాని ఫిస్టులా వల్ల మూత్రపిండాలు పాడుకావు, డయాలసిస్ ముందుకు జరగదు. అవసరం ఆలస్యంగా వస్తే ఫిస్టులా అంతవరకు ఊరికే ఉంటుంది. ఫిస్టులా లేకుండా అవసరం ముందుగా వస్తే మాత్రం అర్ధరాత్రి మెడలో గొట్టం తప్పదు.

మూత్రపిండాల వడపోత శక్తిని నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అని లెక్కగడతారు. ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో ఇది 100 చుట్టుపక్కల ఉంటుంది. అది 15 నుంచి 20కి పడిపోయి ఇంకా తగ్గుతూ ఉంటే రక్తమార్గం గురించి సర్జనును కలవవలసిన సమయం వచ్చిందని గ్రహించండి. మీ రక్తపరీక్ష కాగితం మీద క్రియాటినిన్ అంకె ఒక్కటే ఉంటే, ‘నా వడపోత శక్తి ఎంత ఉంది, డాక్టరుగారూ?’ అని అడగండి.

అంతకన్నా ముందే చేయగలిగిన పని ఒకటుంది. దానికి డబ్బు అక్కరలేదు. చేతి సిరలను కాపాడుకోవడం. మూత్రపిండాల జబ్బు ఉందని తెలిసిన రోజునుంచే ముంజేతికి, మోచేతి మడతకు సూదులు వేయనివ్వకండి. రక్తం తీయాలన్నా, సెలైను ఎక్కించాలన్నా అరచేతి వెనకభాగంలోని సిర వాడవచ్చు. ప్రతి జ్వరానికీ, నీరసానికీ సెలైను బాటిలు ఎక్కించుకునే అలవాటు మన ఊళ్లలో బాగా పాతుకుపోయింది. ఒక్కొక్క బాటిలుకు ఒక్కొక్క సిర గట్టిపడి పోతుంది. ‘సిస్టరమ్మా, నాకు కిడ్నీ జబ్బుంది. ఈ చెయ్యి ఫిస్టులా కోసం దాచుకున్నాను. దయచేసి చేతి వెనక చూడండి’ అని చెప్పడానికి మొహమాటపడకండి. పెద్ద ఆసుపత్రిలో కూడా ఈ మాట మీరే చెప్పవలసి రావచ్చు.

అందరికీ ఒకటే జవాబా?

చాలాకాలం వైద్యులు ‘ముందు ఫిస్టులా’ అన్నదాన్ని సూత్రంగా పాటించారు. ఇప్పుడూ ఎక్కువమందికి అదే మేలు. అయితే అమెరికాలోని నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2019లో తన మార్గదర్శకాలను సవరిస్తూ, రోగి వయసు, గుండె బలం, నాళాల స్థితి, ముందున్న జీవితప్రణాళిక చూసి తగిన దారిని ఎంచుకోవాలని చెప్పింది. ఇది సబబైన మార్పు. ముప్పై ఏళ్ల కొడుకు ముందు నలభై ఏళ్ల జీవితం ఉంది. అతనికి ఒక్కొక్క సిరనూ పొదుపుగా వాడాలి. ఎనభై ఏళ్ల తల్లికి గుండె బలహీనంగా ఉండి, రెండు ఫిస్టులాలు ఎదగకపోతే, మూడో శస్త్రచికిత్సకు బలవంతపెట్టడం కన్నా పర్మ్‌క్యాత్‌ను శుభ్రంగా చూసుకోవడమే మంచిది కావచ్చు. ఫిస్టులాలో ప్రవాహం మరీ ఎక్కువైతే బలహీనమైన గుండె మీద భారం పడుతుంది. కొద్దినెలల్లో మూత్రపిండ మార్పిడి జరగబోయేవారి లెక్క వేరు. ఇంట్లోనే కడుపు పొర ద్వారా చేసుకునే డయాలసిస్ కుదిరేవారికి ఈ రక్తమార్గం అవసరమే రాదు.

ఖర్చు గురించి రెండు మాటలు. డయాలసిస్ సేవల కోసం కేంద్రప్రభుత్వం 2016లో జాతీయ కార్యక్రమం ప్రకటించింది. అంతకుముందే 2007లో మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు పలుమార్లు మారింది. పేరు ఏదైనా, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసినప్పుడు డయాలసిస్ సంగతితో ఆగకుండా ఫిస్టులా శస్త్రచికిత్స సంగతి కూడా విడిగా అడగండి.

ఫిస్టులా ఉన్న చేయి

ఫిస్టులా మీద అరచేయి ఆనిస్తే, నీళ్లు పారుతున్న పంపుసెట్టు గొట్టం మీద చేయి వేసినట్లు సన్నని అదురు తెలుస్తుంది. చెవి ఆనిస్తే ‘హుష్ హుష్’మని శబ్దం వినిపిస్తుంది. రోజూ పొద్దున లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు ఆ అదురు చూసుకోండి. చదువు రాకపోయినా, పరికరం ఏదీ లేకపోయినా ఎవరైనా చేసుకోగల పరీక్ష ఇది. అదురు ఆగిపోయినా, బాగా తగ్గినా మరుసటి డయాలసిస్ రోజుదాకా ఆగవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. లోపల రక్తం గడ్డకట్టి ఉంటుంది. తొలి ఒకటి రెండు రోజుల్లో అయితే గడ్డ తీసి దారిని దక్కించుకునే అవకాశం ఉంది.

ఆ చేతికి బి.పి. పట్టీ కట్టనివ్వకూడదు, సూది వేయనివ్వకూడదు. బిగుతు గాజులు, గడియారం, చేతి కంకణం తీసేయాలి. నీళ్లబిందె, బియ్యపుబస్తా ఆ చేత్తో మోయకూడదు. ఆ చేయి తలకింద పెట్టుకుని పడుకోకూడదు. డయాలసిస్‌కు ముందు చేతిని సబ్బుతో కడుక్కోవాలి. వేళ్లు చల్లబడి, నీలిరంగుకు తిరిగి, నొప్పి పుడుతుంటే వేళ్లకు చేరవలసిన రక్తాన్ని ఫిస్టులా లాగేసుకుంటున్నదని అనుమానించి డాక్టరుకు చూపించాలి.

ఇంటికి వచ్చాక సూదిపోటు నుంచి రక్తం వస్తే గుడ్డలు గుడ్డలుగా చుట్టకండి. లోపల రక్తం పోతున్నా తెలియదు. శుభ్రమైన చిన్న గుడ్డ మడతపెట్టి, సరిగ్గా ఆ పోటు మీదనే వేలితో గట్టిగా అదిమి, చేయి పైకెత్తి ఉంచండి. పది పదిహేను నిమిషాలదాకా మధ్యలో తీసి చూడవద్దు. ఉబ్బిన చోట చర్మం పలచబడి మెరుస్తున్నా, పొక్కు కట్టి నల్లబడినా అది పగలబోతున్నదని అర్థం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం చిమ్మితే అదిమిపట్టి ఉంచి, పక్కవారిచేత 108కి ఫోన్ చేయించండి.

అభ్యాసం

మీ వీధిలో 52 ఏళ్ల దర్జీ ఒకాయన ఉన్నాడనుకోండి. ఆయనది ఎడమచేతి వాటం. మూత్రపిండాల వడపోత శక్తి 18కి తగ్గిందని డాక్టరు చెప్పాడు. గత నెల జ్వరం వస్తే కుడి ముంజేతికి మూడు రోజులు సెలైను ఎక్కించారు. ‘ఇప్పుడు నాకు బాగానే ఉంది, పండగ వెళ్లాక చూస్తాను’ అంటున్నాడు. ఆయనను మీరు మొదట ఏమి అడుగుతారు? ఏ చేతికి ఫిస్టులా వేయవచ్చునని ఊహిస్తారు, అందులో ఉన్న ఇబ్బంది ఏమిటి? సర్జనును కలిసేలోగా ఏ జాగ్రత్త చెబుతారు? పది పంక్తులకు మించకుండా రాసి, వచ్చే తరగతికి అధ్యయన కేంద్రానికి తీసుకురండి.